మనిషి పట్టే బీరువా

నేను ఒక చెక్క బీరువాను. భయస్తురాలిని. బీరువాకి భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఎవరైనా తలుపు తడితే ఇంట్లో మనుషుల కంటే ముందు నా గుండె జారేది. వచ్చింది పక్కింటి పిల్ల కావచ్చు, గుప్పెడు చక్కెర కోసం. నా మనసు మాత్రం చెడు వైపే పరుగెత్తేది. ఇప్పుడు చికాగో ఊరి చివర పాత సామాన్ల షెడ్డులో, చక్రాల్లేని సైకిళ్ళకీ తుప్పు పట్టిన నీళ్ళ తొట్టికీ మధ్య వెల్లకిలా పడి ఉన్నాను. ఒక తలుపు ఊడిపోయింది. నన్ను తట్టేవాళ్ళు లేరు. అయినా గాలికి పైన రేకు కదిలితే ఉలిక్కిపడతాను. ఈ అలవాటు ఊరికే రాలేదు.

నన్ను చేసింది ఎజ్రా అనే నల్లజాతి వడ్రంగి. మిసిసిపీ రాష్ట్రంలో పత్తి చేల మధ్య ఒక చిన్న ఊరు ఆయనది. ఆయన చేతి పని ఎక్కువగా శవపెట్టెలే. తెల్లవాళ్ళకి నగిషీ పెట్టెలు, నల్లవాళ్ళకి మామూలు పెట్టెలు. మట్టిలోకి వెళ్ళాక రెండూ ఒకేలా పుచ్చిపోతాయి, కానీ శ్మశానాలు వేరు. కూతురు ఒడెస్సా పెళ్ళికి ఏదైనా మంచి వస్తువు ఇవ్వాలని నన్ను మొదలుపెట్టాడు. మనిషి కొలత తప్ప ఇంకో కొలత ఆ చేతులకి అలవాటు లేదు. అందుకే నేను బట్టల బీరువాకి ఉండాల్సిన దానికంటే పొడుగు, లోతు. చెక్కకి చెక్క ఎంత బిగుతుగా అతికాడంటే సూది దూరే సందు లేదు.

పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఎవరో, "ఇందులో బట్టలు పెట్టమంటావా ఎజ్రా, అల్లుణ్ణి పెట్టమంటావా?" అని ఎగతాళి చేశారు. అందరూ నవ్వారు. అల్లుడు హోసియా కూడా నవ్వాడు. తమాషాకి లోపలికెళ్ళి నిలబడి తలుపు వేసుకుని చూపించాడు. నాకు మాత్రం ఆ హాస్యం నచ్చలేదు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే పెట్టెలో నిలబడటం ఏమిటి?

ఆ ఊళ్ళో ప్రతిచోటా బోర్డులుండేవి. ఇక్కడ తెల్లవాళ్ళు నీళ్ళు తాగాలి, అక్కడ నల్లవాళ్ళు తాగాలి అని. ఆ బోర్డుల్లేని ఊరికి పోదామని హోసియా పట్టుబట్టాడు. నన్ను పాత దుప్పట్లలో చుట్టి రైలెక్కించారు. చికాగోలో దిగి చూస్తే నిజంగానే బోర్డులు లేవు. మంచి వీధిలో ఖాళీగా ఉన్న ఇంటి ముందు నిలబడి అడిగితే, ఇంటివాళ్ళు మర్యాదగా, "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామండీ" అనేవాళ్ళు. మర్నాడు కూడా ఆ ఇల్లు ఖాళీగానే ఉండేది. బోర్డు రాసే ఖర్చు కూడా లేకుండా అదే పని ఎంత శుభ్రంగా జరుపుకుంటున్నారో చూసి నేను ఆశ్చర్యపోయాను.

నల్లవాళ్ళకి ఇళ్ళిచ్చే వీధులు కొన్నే. అక్కడ ఒక పాత మేడని అట్టలతో, పలకలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక పొయ్యి పెట్టి, ఒక్కో కుటుంబానికి అద్దెకిచ్చారు. మాకొచ్చిన ముక్కలో నేనూ, ఒక మంచం పడితే నిలబడటానికి చోటు మిగలదు. గోడకి చెమ్మ. ఆ చెమ్మ నా వీపుకి పట్టింది. అక్కడే వెర్నా పుట్టింది, తర్వాత ఆమోస్ పుట్టాడు. ఆమోస్‌ని నా కింది సొరుగులో బట్టలు పరిచి పడుకోబెట్టేవాళ్ళు. చలికాలం వచ్చేసరికి వాడి ఊపిరి పిల్లి గురక పెట్టినట్టు ఉండేది. ఇంటి యజమాని బొగ్గు ఆపేశాడు. ఒడెస్సా రాత్రీ పగలూ వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. ఒకరోజు పొద్దున్న నా సొరుగు తెరిచి, లోపల పరిచిన బట్టలన్నీ తీసి మడతపెట్టి, దొంతిగా పెట్టి మూసేసింది. వాడికి నా సొరుగుతో అవసరం తీరిపోయిందని నాకు అలా తెలిసింది.

వెర్నాకి కూడా అదే గురక మొదలైంది. అప్పటి నుంచి ఆ తల్లికి ఒకటే ధ్యాస, వెచ్చగా ఉండే ఇల్లు. మిగతావి ఎలా పోయినా సరే.

ఆ ఇల్లు దొరికింది. నగరంవాళ్ళు పేదల కోసం కొత్తగా ఎత్తయిన భవనాలు కట్టారు. అందులో తొమ్మిదో అంతస్తు. గోడలు పొడిగా ఉన్నాయి. వేడి నీళ్ళ గొట్టం కింది నుంచి పైదాకా ప్రతి ఇంటి గుండా పోతుంది. గది మూలన ఆ గొట్టం పక్కనే నన్ను నిలబెట్టారు. మొదటి రోజు ఒడెస్సా ఆ గొట్టం మీద చెయ్యి పెట్టి, కాలేదాకా తియ్యలేదు. నెల తిరిగేసరికి వెర్నా గురక తగ్గింది. మొదటిసారి నాక్కూడా కాస్త ధైర్యం కలిగింది. అది నా తప్పు కాదు, వెచ్చదనం ఎవరినైనా మోసం చేస్తుంది.

ఏడాది తిరక్కుండా హోసియా పనిచేసే మాంసం ఫ్యాక్టరీ మూతపడింది. వేరే పనికి ఎక్కడికి వెళ్ళినా తెల్లవాళ్ళు ముందు, మిగిలితే నల్లవాళ్ళు. మిగల్లేదు. ప్రభుత్వ సాయం అడగడానికి ఒడెస్సా వెళ్ళింది. అక్కడ నియమం ఒకటి చెప్పారు. ఒంట్లో శక్తి ఉన్న మగవాడు ఇంట్లో ఉంటే ఆ ఇంటికి సాయం లేదు. మగవాడు లేని తల్లీపిల్లలకే సాయం. ఉండీ లేడని చెబితే సాయమూ పోతుంది, ఇల్లూ పోతుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు.

"పనిలేని మొగుడికి ఇంట్లో చోటు లేదన్నమాట," అన్నాడు హోసియా.

"నువ్వు చోటు గురించి ఆలోచిస్తున్నావు. నేను దాని ఛాతీ గురించి ఆలోచిస్తున్నాను," అంది ఒడెస్సా, నిద్రపోతున్న వెర్నా వైపు చూసి.

"అయితే నేను లేను. రాసుకో, నేను లేను." అని లేచి నా తలుపు తీశాడు. పెళ్ళినాడు నిలబడ్డట్టే లోపల నిలబడ్డాడు. తలుపు వేసుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి, "డెస్సా, మీ నాన్న గాలి ఆడనివ్వలేదే" అన్న మాట వినిపించింది. మర్నాడు పక్కింటి నుంచి చేతి బర్మా తెచ్చి నా వెనక చెక్కకి, కింద, కనపడని చోట, చిల్లులు వేశాడు. నొప్పి పుట్టలేదనను. కానీ ఓర్చుకున్నాను. ఇంకేం చెయ్యను?

తనిఖీకి వచ్చే ఆవిడ పేరు మిస్ హాల్వర్సన్. తెల్లగా, సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే మనిషి. ఎప్పుడు వస్తుందో చెప్పి రాదు. ఆవిడ వచ్చి మంచాల కింద చూస్తుంది, దిండు మీద రెండో తల ఆనిన గుంట ఉందేమో చూస్తుంది, స్నానాల గదిలో గడ్డం గీసుకునే కత్తి కోసం చూస్తుంది. ఒడెస్సాని పేరు పెట్టి, నువ్వు అని పిలుస్తుంది. ఒడెస్సా ఆవిణ్ణి మీరు, మిస్ హాల్వర్సన్ అని పిలవాలి. వయసులో ఒడెస్సాయే పెద్ద.

దానికి భవనం ఆడవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆవిడ కింద గేటులోకి రాగానే మొదటి అంతస్తులో ఎవరో గరిటె తీసుకుని వేడి నీళ్ళ గొట్టం మీద కొడతారు. రెండో అంతస్తామె విని తను కొడుతుంది. అలా గొట్టం పొడుగునా టింగు టింగుమంటూ చప్పుడు పైకి ఎక్కుతుంది. ఆవిడ లిఫ్టు కోసం నిలబడి ఉండగానే భవనంలో మగవాళ్ళంతా మాయమైపోయేవాళ్ళు. కొందరు మెట్ల మీదుగా డాబా పైకి. కొందరు మంచం అడుగుకి. హోసియా నా లోపలికి.

అతని వస్తువులేవీ ఇంట్లో ఉండనిచ్చేవాళ్ళు కాదు. బూట్లు, కత్తి, చొక్కాలు అన్నీ పై అంతస్తులో సిస్టర్ లుర్లీన్ దగ్గర సంచుల్లో ఉండేవి. ఆవిడ చర్చిలో పాడే ముసలామె. రైల్వే పెన్షను మీద బతుకుతుంది కాబట్టి ఆవిడ ఇంటికి తనిఖీ లేదు. సగం భవనం మగవాళ్ళ బూట్లు ఆవిడ మంచం కిందే.

"ఎవరైనా అడిగితే పోయిన మా ఆయనవని చెప్తాను," అనేది. "ఆయన పోయి చాలా కాలమైంది కానీ, పాపం, పాదాలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. పోయినవారం ఇంకో జత పెరిగింది."

వెర్నాకి ఆరేళ్ళు. దానికి నేర్పాల్సింది నేర్పారు. నాన్న ఎక్కడ అంటే లేడు. ఎప్పుడు వస్తాడంటే రాడు. బీరువా వైపు చూడకూడదు. పిల్ల బుద్ధిగా నేర్చుకుంది. అదే నా భయం. అంత చిన్న పిల్ల అంత బాగా నేర్చుకోవడం మంచి శకునం కాదనిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం గొట్టం మోగింది. హోసియా లోపలికి వచ్చాడు. మిస్ హాల్వర్సన్ వచ్చి అన్నీ చూసింది. ఏమీ దొరకలేదు. మామూలుగా అయితే వెళ్ళిపోవాలి. బయట మంచు, ఇల్లు వెచ్చగా ఉంది. ఆవిడ కోటు విప్పి కుర్చీలో కూర్చుంది. కాఫీ ఇస్తే తాగింది. కాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, తన పిల్లి గురించి చెప్పింది. ఒడెస్సా నవ్వుతూ ఊకొడుతోంది. లోపల హోసియా కింది చిల్లుల గాలి కోసం నడుము వంచాడు. చెమట నా చెక్కకి అంటుతోంది. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, దగ్గుని గొంతులోనే నొక్కుతున్నాడు. ఏ క్షణాన బయటపడతాడో అని నా మేకులన్నీ బిగించి పట్టుకున్నాను.

ఆవిడ వెర్నాని దగ్గరికి పిలిచింది. "మీ నాన్న గుర్తొస్తాడా బంగారూ?"

"రాడు."

"ఎప్పుడైనా చూడ్డానికి వస్తాడా?"

పాఠంలో ఉన్న జవాబు చెప్పేసింది కదా, ఇంకా అడుగుతోందేమిటని వెర్నా తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళు కప్పు మీద ఉన్నాయి. పిల్ల ఆలోచించింది. "రాడు. చచ్చిపోయాడు. పెట్టెలో పెట్టేశారు," అంది.

మిస్ హాల్వర్సన్ అయ్యో అంది. దాని తల నిమిరింది. చేతి సంచి వెతికి ఒక చాక్లెట్టు ఇచ్చింది. తర్వాత కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

వెర్నా పరుగెత్తుకొచ్చి నా తలుపు తీసింది. చాక్లెట్టు కొరికి సగం చేసి తండ్రికి చాపింది. "బాగా చెప్పానా నాన్నా?"

"చాలా బాగా చెప్పావు తల్లీ," అన్నాడు హోసియా. కానీ బయటికి రాలేదు. వంగిన నడుము లేవలేదు. ఒడెస్సా చెయ్యి పట్టుకుని లాగాల్సొచ్చింది.

నాలుగైదు రోజులు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న కోటు వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"గ్యారీ ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీలో చేర్చుకుంటున్నారంటున్నారు. లేకపోతే ఇంకా అవతలికి."

"మేమూ వస్తాం."

"ఈ చలిలో దాన్ని ఎక్కడ పడుకోబెడతావు? సొరుగులోనా?"

ఒడెస్సా వెర్నా మీద దుప్పటి సర్దింది.

"నేను లేనని రోజూ చెప్తున్నారు కదా డెస్సా. ఒకసారి నిజంగానే లేకుండా ఉండి చూస్తాను. మీకు అబద్ధాల బాధ తప్పుతుంది."

అతను వెర్నాని లేపలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందిదాకా విన్నాను. ఇల్లు నిలిచింది, మగవాడు పోయాడు. నియమం ఏం కోరిందో అది జరిగింది.

ఇక్కడే ఒడెస్సా పొరపాటు చేసింది. అలాంటి ఇళ్ళలో బతికిన ఆడదే చెయ్యగల పొరపాటు. అతను ఉన్నన్నాళ్ళూ అతని దారప్పోగు కూడా ఇంట్లో లేకుండా చూసుకున్న మనిషి, పోయాక సిస్టర్ లుర్లీన్ దగ్గరికి వెళ్ళి అతని ఆదివారం చొక్కా తెచ్చుకుంది. ఉతికింది. ఇస్త్రీ చేసింది. నా లోపల, మధ్యలో, దర్జాగా కొక్కేనికి తగిలించింది. దాయాల్సింది ఇక ఏముంది? వెర్నా అప్పుడప్పుడు తలుపు తీసి ఆ చొక్కా చేతులు పట్టుకుని ఊపేది. నేను గగ్గోలు పెట్టాను. బీరువా గగ్గోలు అంటే తెలుసుగా, తలుపు కిర్రుమనడం. ఒడెస్సా బందుకి నూనె రాసింది.

తర్వాత గొట్టం మోగిన రోజున ఆమె స్టవ్ దగ్గర ఉంది. వెనక్కి కూడా తిరగలేదు. మొదటిసారి ఆ చప్పుడు విన్నా ఆమె గరిటె ఆగలేదు. పాపం, అంత నిబ్బరంగా నేనామెను ఎన్నడూ చూడలేదు.

మిస్ హాల్వర్సన్ వచ్చి నా తలుపు తీసింది. చొక్కా చూసింది. కాలరు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"ఇది ఎవరిది ఒడెస్సా?"

"మా ఆయనది. వెళ్ళిపోయాడు మిస్ హాల్వర్సన్. నిజంగా వెళ్ళిపోయాడు."

"ఎప్పుడు?"

ఏడాదిగా అబద్ధం తడుముకోకుండా చెప్పిన మనిషి, ఆ రోజు నిజం చెప్పింది. "మొన్న ఆదివారం కాక ముందు ఆదివారం."

"అంతకు ముందు నేను వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాడన్నమాట. ఈ పిల్ల చచ్చిపోయాడంది. చచ్చిపోయినవాడి చొక్కాకి ఇంత గంజి ఎవరు పెడతారు?" ఆవిడ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది. తనని మోసం చేశారని నిజంగా నొచ్చుకుంది. చాక్లెట్టు కూడా గుర్తొచ్చి ఉంటుంది. "నిన్ను మంచిదానివనుకున్నాను ఒడెస్సా."

"ఇల్లంతా వెతుక్కోండి. లేడు. గ్యారీ వెళ్ళాడు."

"లేడనే ఎప్పుడూ చెప్తావు."

దానికి జవాబు నా దగ్గర ఉంది కానీ నన్నెవరు అడుగుతారు?

చాలా ఏళ్ళ తర్వాత కోర్టువాళ్ళు ఆ నియమం తప్పని కొట్టేశారట. ఆ తర్వాత పెద్ద చదువులు చదివిన కొందరు ఆ భవనానికి వచ్చారు. ఇంటింటికీ తిరిగి, మీ పిల్లలకి తండ్రులు ఎందుకు లేరు, మీ మగవాళ్ళకి ఇల్లంటే బాధ్యత ఎందుకు ఉండదు అని అడిగారు. నా పక్కనే నిలబడి అడిగారు. ఒకాయన నా తలుపుకి చెయ్యి ఆనించి మరీ అడిగాడు. ఇంకొన్నాళ్ళకి భవనమే కూలగొట్టారు, నేనీ షెడ్డుకి వచ్చాను. మీకు అనుమానం రావచ్చు, ఒడెస్సా ఖాళీ చేశాక కూడా నేను అక్కడెలా ఉన్నానని. అది చెప్పి ముగిస్తాను.

సాయం ఆపేసి, ఇల్లు ఖాళీ చేయించి సామాను బయట పెట్టిన రోజు మంచు కలిసిన వాన పడుతోంది. మనుషులు వచ్చి మంచం, బల్ల, గిన్నెలు, నన్ను కాలిబాట మీద పెట్టి వెళ్ళారు. ఒడెస్సా పిన్ని కొడుకు ట్రక్కు తెస్తానన్నాడు. తల్లీకూతుళ్ళు ఇప్పుడు చేరబోయే గది మళ్ళీ ఆ పాత వీధిలోనే, అట్టలతో చేసిన ముక్కే. దాని మెట్లు ఇరుకు, నేను పట్టను. వెర్నాకి దగ్గు మొదలైంది. ఒడెస్సా దాన్ని నా లోపల కూర్చోబెట్టి తలుపు వారగా వేసింది. పిల్ల గురక నా చెక్కలో వినిపిస్తోంది. పాత గురకే. ఆమోస్‌కి ఎలా మొదలైందో అలాగే.

అప్పుడే కొత్తవాళ్ళు దిగారు, మా ఇంట్లోకే. ఒక నల్లజాతి పడుచు, పేరు మావిస్ అని చెప్పింది. వెంట నాలుగేళ్ళ కూతురు, రెండు మూటలు. గోడలకి రంగు కూడా వెయ్యకుండా తాళం చెవి ఇచ్చేశారట. ఒడెస్సాతో మాట్లాడటానికి ఆమెకి మొహం చెల్లడం లేదు. "నాకు తెలీదక్కా, ఎవరిని ఖాళీ చేయించి ఇస్తున్నారో," అంది.

"నువ్వు కాకపోతే ఇంకొకరు. లోపల గొట్టం వెచ్చగా ఉంటుంది. మంచం దాని పక్కన వేసుకో," అంది ఒడెస్సా.

మావిస్ వెళ్ళబోయి ఆగింది. నన్ను చూసింది. కిందినుంచి పైదాకా చూసింది. దగ్గరికి వచ్చి లోతు చూసింది.

"ఇది అమ్ముతావా?"

ఒడెస్సా తల తిప్పి చూసింది. వీధి అవతల ల్యాంపు స్తంభం పక్కన ఒకతను నిలబడి ఉన్నాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, బస్సు కోసం నిలబడ్డట్టు. అక్కడ బస్సు ఆగదు. అతను భార్యని చూడటం లేదు, పిల్లని చూడటం లేదు. నా ఎత్తు చూస్తున్నాడు.

"తీసుకుపో, ఊరికే," అంది ఒడెస్సా. తర్వాత గొంతు తగ్గించి, "గొట్టం మోగితే తలుపు వేసుకోమను. దగ్గొస్తే చెయ్యి కొరుక్కోమను. ఒకవేళ వెళ్ళిపోతే మాత్రం, ఒక్క గుడ్డముక్క కూడా ఉంచుకోకు. అప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండు," అంది.

మావిస్ తలూపింది. ఎందుకని అడగలేదు.

ఒడెస్సా నా తలుపు తీసింది. వెర్నా బయటికి వచ్చి తడి కాలిబాట మీద నిలబడింది. ఎదురుగా ఆ చిన్నపిల్ల. కొంచెంసేపు ఇద్దరూ ఒకరి బూట్లు ఒకరు చూసుకున్నారు.

"ఎవరైనా అడిగితే నాన్న లేడనాలి," అంది వెర్నా, పెద్దదానిలా. "ఎక్కడున్నాడంటే తెలీదనాలి. చచ్చిపోయాడని మాత్రం అనకు."

"మా నాన్న అదుగో ఉన్నాడుగా," అని ఆ పిల్ల వీధి అవతలికి వేలు చూపించింది.

వెర్నా ఆ వేలు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.